జెండా పట్టడం నేర్పేవాళ్లేరీ?

రోడ్డు పని జరిగే చోట ఎర్రజెండా పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి "ఒళ్లు అలవని పని, ఊరికే నిలబడితే కూలి" అనుకునేవాళ్లే ఎక్కువ. కాంట్రాక్టరూ అలాగే అనుకుంటాడు, సైటు ఇంజనీరూ అలాగే అనుకుంటాడు. అందుకే పార ఎత్తలేని ముసలాయనకో, నిన్ననే రైలు దిగిన కుర్రాడికో జెండా చేతికిచ్చి "పోయి అక్కడ నిలబడు" అంటారు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పరు. రోడ్లు భవనాల శాఖలో గ్యాంగ్ కూలీగా చేరి, వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైనవాణ్ని నేను. రోడ్డు పనుల్లో అన్నిటికన్నా ప్రమాదమైనది ఆ పనే, అన్నిటికన్నా ముందు నేర్పాల్సిందీ ఆ పనే. మా రోజుల్లో ఈ సంగతి సంతకం పెట్టడం రాని మేస్త్రీకి తెలుసు. ఇవాళ డిగ్రీలున్నవాళ్లకి తెలియడం లేదు. తెలిసినవాళ్లకి పట్టడం లేదు.

మా రోజులంటే 1970ల మాట. ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి అంటున్న హైదరాబాద్–విజయవాడ రోడ్డుకి అప్పట్లో 9వ నంబరు. నాలుగు వరుసలు, డివైడర్లు, టోల్‌గేట్లు ఏవీ లేవు. చాలాచోట్ల రెండు బస్సులు ఎదురైతే ఒకటి మట్టి మార్జిన్ మీదికి దిగాల్సిందే. తారు వేసే రోజున రోడ్డంతా మూసేసే వీలుండేది కాదు. సగం మీద పని, సగం మీద బండ్లు. ఒకపక్క తారు డ్రమ్ముల కింద కట్టెల మంట, కాళ్లకి గోనెపట్టాలు చుట్టుకుని తారు కంకర తట్టలు మోసే ఆడకూలీలు, వాళ్ల వెనకే రోలరు. మిగిలిన సగం మీద లారీలు, ఎర్రబస్సులు, ఎడ్లబండ్లు, కాసేపు ఇటునుంచి అటు, కాసేపు అటునుంచి ఇటు. ఈ రాకపోకలన్నీ రెండు కొసల్లో నిలబడ్డ ఇద్దరి చేతుల్లో ఉండేవి. ఆ ఇద్దరిలో ఒకడు పొరపడితే లారీ వచ్చేది తట్ట మోసే ఆడమనిషి మీదికే.

అందుకే మా మేస్త్రీ జెండా ఎవరికి పడితే వాళ్లకి ఇచ్చేవాడు కాదు. గ్యాంగులో పాతవాళ్లకే ఇచ్చేవాడు. కొత్తవాడిని ముందు కొన్నాళ్లు పాతవాడి పక్కన నిలబెట్టి చూడమనేవాడు. ఆ తర్వాత పరీక్ష. దూరంగా బస్సు కనపడగానే "అది ఏ రంగు, పైన సామాను ఉందా లేదా" అని అడిగేవాడు. కంటిచూపు బాగోకపోతే అక్కడే తెలిసిపోయేది. గొంతు రోలరు చప్పుడుని దాటి వినపడాలి. డ్రైవరు అమ్మనాబూతులు తిట్టినా మొహం మారకూడదు. "కోపిష్టి చేతికి జెండా ఇస్తే వాడు బండితో పంతానికి పోతాడు, బండి గెలుస్తుంది" అనేవాడు. ఎంత పనిమంతుడైనా ముందురోజు తాగి వచ్చినవాడికి ఆ పూట జెండా లేదు.

ఆయన చెప్పిన పాఠాలు నాకు ఇప్పటికీ నోటికొచ్చు. ఎందుకంటే రోజూ పొద్దున్నే పని మొదలుపెట్టేముందు మాతో ఒప్పజెప్పించుకునేవాడు. రోడ్డు మీద నిలబడకు, అంచున నిలబడు. వచ్చే బండికి వీపు చూపకు. ఎండ ఎంత మండుతున్నా చెట్టునీడలోకి పోకు, నీడలో ఉన్న మనిషి ఎండలోంచి వచ్చే డ్రైవరుకి కనపడడు. ఆగి ఉన్న లారీ పక్కన, కంకర కుప్ప ముందు నిలబడకు, నువ్వూ అందులో కలిసిపోతావు. నలుగురూ చేరి కబుర్లు చెప్పే చోటు నీది కాదు, ఒక్కడివే ఉండు. మొదటి బండి పూర్తిగా ఆగేదాకా అంచు వదలకు. అది ఆగాకే రోడ్డు మధ్య వైపు జరిగి వెనకొచ్చేవాళ్లకి కనపడు. డ్రైవరు కళ్లలోకి చూడు, వాడు నిన్ను చూశాడని నీకు తెలియాలి. అన్నిటికన్నా ముందు, వాడు ఆగకపోతే నువ్వు ఎటు దూకాలో నిలబడకముందే చూసుకో.

"ఒరేయ్ అబ్బాయ్, ఎటు దూకుతావు?" అని ఉన్నట్టుండి వెనకనుంచి అరిచేవాడు. వెంటనే చేత్తో చూపించాలి. చూపించలేకపోతే జెండా లాక్కునేవాడు. వెనక కాలువో, కంచో, కంకర గుట్టో ఉంటే ఆ చోటే మార్పించేవాడు.

జెండా విషయంలో ఆయన పట్టింపు ఇంకా ఎక్కువ. రెండడుగులు చదరం గుడ్డ, గట్టి కర్ర. గాలికి గుడ్డ కర్రకి చుట్టుకుపోతే ఎదుటివాడికి కర్ర తప్ప ఏమీ కనపడదు. అందుకని కొస అంచు మడతలో సన్న కంకర పోసి కుట్టించేవాడు. ఆ బరువుకి గుడ్డ ఎప్పుడూ విప్పుకునే ఉండేది. తారు మరకలు పడితే వెంటనే ఉతికించేవాడు. ఎండకి వెలిసి గులాబీ రంగుకి తిరిగితే చింపేసి కొత్తది తెప్పించేవాడు, పాతది మళ్లీ ఎవరూ వాడకుండా. ఆపమంటే చెయ్యి అడ్డంగా చాచి కదలకుండా పట్టాలి. అర్థం లేకుండా ఊపితే డ్రైవరుకి ఆగమన్నాడో రమ్మన్నాడో తెలియదు.

మలుపు దగ్గర పనైతే ఒక కొసనున్నవాడికి రెండో కొసనున్నవాడు కనపడడు. అక్కడ ఫోన్లు లేవు, వాకీటాకీలు లేవు. ఇటునుంచి వదిలిన బండ్లలో ఆఖరి లారీ క్లీనరు చేతికి ఎర్రరంగు వేసిన కర్రముక్క ఇచ్చేవాళ్లం. "అవతలివాడికి ఇవ్వు" అని గట్టిగా చెప్పేవాళ్లం. ఆ కర్ర చేతికందేదాకా అవతలివాడు ఒక్క బండినీ కదలనిచ్చేవాడు కాదు. మళ్లీ అటునుంచి ఆఖరి బండితో కర్ర ఇటొచ్చేది. ఖర్చు లేదు, గందరగోళం లేదు. కలెక్టరు జీపు వచ్చి హారన్ కొట్టినా కర్ర రాకుండా దారి ఇచ్చే ప్రసక్తి లేదు, మేస్త్రీ వెనక నిలబడేవాడు.

సాయంత్రం పని ముగిశాక మరో నియమం. "మనుషులు పనిచేయుచున్నారు" బోర్డు తీసి తీరాలి. అడ్డం పెట్టిన రాళ్లన్నీ దొర్లించి పక్కకి చేర్చాలి. ఎక్కడైనా గుంట మిగిలితే సున్నం కొట్టిన రాళ్లు పేర్చి, ఎర్ర అద్దం లాంతరు వెలిగించి, కాపలాకి మనిషిని పెట్టి వెళ్లాలి. పని లేని చోట బోర్డు వదిలేస్తే, పని ఉన్న చోట బోర్డుని ఎవడూ నమ్మడు. ఇంతకన్నా పెద్ద ట్రాఫిక్ సూత్రం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

అప్పుడు అంతా బాగుండేదని నేననడం లేదు. రేడియం పట్టీల జాకెట్లు లేవు, కోన్లు లేవు, హెల్మెట్లు లేవు. రాత్రిపూట లాంతరు వెలుగు ఎంతని కనపడుతుంది? దెబ్బ తగిలినవాళ్లకి దక్కింది తక్కువ. సామాను విషయంలో ఇవాళ్టి రోజులే మేలు, అది ఒప్పుకుని తీరాలి. నా బాధల్లా ఒకటే. సామాను వచ్చింది, నేర్పడం పోయింది.

నేర్పడం ఎందుకు పోయిందో కూడా చెప్తాను. మాది శాఖ గ్యాంగు. అదే మనుషులు, అదే రోడ్డు, ఏళ్ల తరబడి. ఏ మలుపు దగ్గర బ్రేకులు పడవో, ఏ ఊరి వాళ్లు అడ్డంగా దాటుతారో మాకు తెలుసు. ఇవాళ పెద్ద కాంట్రాక్టరు, వాడి కింద సబ్ కాంట్రాక్టరు, వాడి కింద కూలీలని తెచ్చే మనిషి. ఒడిశా నుంచో, బీహార్ నుంచో, జార్ఖండ్ నుంచో వచ్చిన పిల్లలు. ఈ నెల ఈ సైట్లో, వచ్చే నెల ఇంకో రాష్ట్రంలో. పక్కన నిలబెట్టి నేర్పే పాతవాడు గ్యాంగులో లేడు. నేర్పించాల్సిన బాధ్యత ఎవరిదంటే ఒకడు ఇంకొకడిని చూపిస్తాడు.

ఇదంతా బండ్లు నింపాదిగా నడిచే రోజుల్లో అయితే ఎలాగో గడిచిపోయేదేమో. ఇప్పుడలా కాదు. మా రోజుల్లో లోడు లారీ గంటకు 40 కిలోమీటర్లు పోతే గొప్ప. అంటే సెకనుకి 11 మీటర్లు. ఇవాళ నాలుగు వరుసల రోడ్డు మీద కారుకి గంటకు 100 కిలోమీటర్ల దాకా అనుమతి ఉంది. అంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు. రోడ్డు ఇంజనీర్లు డిజైన్‌కి వాడే లెక్క ప్రకారం, డ్రైవరు చూసి, బ్రేకు తొక్కి, బండి పూర్తిగా ఆగడానికి 40 వేగంలో 45 మీటర్లు కావాలి. 100 వేగంలో 180 మీటర్లు కావాలి. వేగం పెరిగింది రెండున్నర రెట్లు, ఆగే దూరం పెరిగింది నాలుగు రెట్లు. జెండా మనిషి ఈ లెక్క కాగితం మీద చేయనక్కర్లేదు. కానీ మలుపు తిరగ్గానే కనపడే చోట నిలబడితే తను బతకడని అతనికి ఎవరో ఒకరు చెప్పాలా, వద్దా?

చెప్పాలనే రాసి ఉంది. 1934లో పుట్టిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఈ పనికోసమే ఎస్పీ 55 అని విడిగా ఒక పుస్తకం వేసింది. 2001లో మొదటిసారి వచ్చింది, 2014లో తిరగరాశారు. ముందుగా హెచ్చరించే భాగం, బండ్లని పక్క వరుసకి మళ్లించే భాగం, పని జరిగే భాగం, మళ్లీ మామూలు దారిలోకి కలిపే భాగం అని పని స్థలాన్ని విడదీసి, ఎక్కడ ఏ బోర్డు, ఎక్కడ కోను, ఎక్కడ జెండా మనిషి అని బొమ్మలతో సహా చూపించారు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ స్పెసిఫికేషన్ పుస్తకంలో 112వ క్లాజు అంతా పని జరిగేటప్పుడు ట్రాఫిక్ ఏర్పాట్ల గురించే. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 198ఏ సెక్షన్ చేర్చారు. రోడ్డు కట్టేవాళ్లు భద్రతా ప్రమాణాలు పాటించక మనిషి చనిపోయినా, అవిటివాడైనా కాంట్రాక్టరుకి లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. పుస్తకాలకి కొదవ లేదు. అవి ఆఫీసు బీరువాలో ఉన్నాయి. జెండా పట్టినవాడు రోడ్డు మీద ఉన్నాడు. ఆ రెంటి మధ్యా ఉండాల్సిన మేస్త్రీ లేడు.

పోయిన వేసవిలో ఒక జాతీయ రహదారి మీద డైవర్షన్ దగ్గర కారు ఆపించుకుని దిగాను. పద్దెనిమిదేళ్లుంటాయో ఉండవో, ఒడిశాలోని కొరాపుట్ వైపు కుర్రాడు. ఆగి ఉన్న టిప్పరు నీడలో, వచ్చే బండ్లకి వీపు పెట్టి నిలబడ్డాడు. వంటిమీద జాకెట్ ఉంది, దాని రేడియం పట్టీలు దుమ్ముకొట్టుకుపోయి మట్టిరంగుకి తిరిగాయి. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో వెలిసిన గుడ్డ. కర్ర కూడా లేదు, గుడ్డ కొస వేలికి చుట్టుకున్నాడు.

"ఎవరు నేర్పారు బాబూ నీకు ఈ పని?" అని అడిగాను.

"నేర్పడమేంటి తాతా? ఊపమన్నారు, ఊపుతున్నా" అన్నాడు వచ్చీరాని తెలుగులో.

"లారీ ఆగకపోతే ఎటు పోతావు?" అన్నాను. వెనక్కి తిరిగి చూశాడు. వెనక టిప్పరు, పక్కన కాంక్రీటు దిమ్మెలు. అప్పటిదాకా ఆ ప్రశ్న వాడికి తట్టనే లేదు. నేను చెయ్యి పట్టుకుని పదడుగులు ముందుకి, ఎండలోకి, మట్టి అంచు మీదికి తీసుకొచ్చి నిలబెట్టాను.

సైట్లో భద్రత చూసే ఆయన్ని అడిగితే "ఇండక్షన్ అయింది పెద్దాయనా, రిజిస్టర్లో సంతకాలున్నాయి" అని ఫైలు తెచ్చి చూపించాడు. వరసగా పేర్లు, వేలిముద్రలు, హెల్మెట్లు పెట్టుకుని దిగిన గ్రూపు ఫోటో. చెప్పిన పాఠం హెల్మెట్ గురించి, కరెంటు తీగల గురించి. జెండా గురించి ఒక్క వాక్యం లేదు. చెప్పిందేమో హిందీలో, ఆ కుర్రాడి ఇంట్లో మాట ఒడియా. మొక్కుబడి శిక్షణకి మూడు నిమిషాలు, ఫోటోకి పది నిమిషాలు. గాల్లో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టు ఆ పిల్లాణ్ని రోడ్డు మీద నిలబెట్టారు.

మన దేశంలో ఇది చేతకాని పని అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. రైల్వేని చూడండి. పట్టాల మీద అడ్డం ఏర్పడితే గ్యాంగ్‌మన్ ఏం చేయాలో వాణ్ని నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. బ్రాడ్‌గేజ్ లైన్ అయితే 600 మీటర్ల దూరంలో పట్టా మీద ఒక టపాసు, 1200 మీటర్ల దూరంలో పది మీటర్ల ఎడంతో మూడు టపాసులు. ఇంజను చక్రం కింద అవి పేలితే డ్రైవరు ఆపాలి. ఆ దూరాలు, ఆ వరస నేర్పి, మళ్లీ మళ్లీ గుర్తుచేసి, కళ్లకి రంగులు సరిగ్గా తెలుస్తున్నాయో లేదో పరీక్షలు పెట్టి మరీ పనిలో ఉంచుతారు. ఆ గ్యాంగ్‌మన్ మన ఊరివాడే, మన కూలి ఇళ్లలోంచి వచ్చినవాడే. పట్టాల మీద నేర్పగలిగినప్పుడు తారు రోడ్డు మీద ఎందుకు నేర్పలేం?

మన పిల్లలు వేలమంది ఉంటున్న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, రోడ్డు పని దగ్గర ట్రాఫిక్ నడిపే మనిషికి శిక్షణ పొందినట్టు కార్డు ఉండాలి. దాని గడువు మూడేళ్లు, తర్వాత మళ్లీ తెచ్చుకోవాలి. అక్కడ చేతిలో ఉండేది గుడ్డ కాదు, కర్రకి బిగించిన ఎనిమిది మూలల పలక. ఒకవైపు ఎరుపు మీద ఆగమని, రెండోవైపు నారింజ రంగు మీద నెమ్మదించమని రాసి ఉంటుంది. జెండా అత్యవసరానికి మాత్రమే వాడాలని అక్కడి జాతీయ నియమావళి చెప్తుంది. ట్రాఫిక్ ఆపుతున్న మనిషికి ఆ సమయంలో వేరే పని అప్పగించకూడదు. మన దగ్గర అదే మనిషి టిప్పరుని వెనక్కి తీయిస్తాడు, నీళ్ల క్యాను మోస్తాడు, టీకి వెళ్తాడు, మధ్యలో జెండా పడతాడు.

డ్రైవర్ల గురించి కూడా చెప్పాలి. మా రోజుల్లో లారీ డ్రైవరు ఆగి, బీడీ వెలిగించుకుని "ఎంతసేపు బాబాయ్?" అని అడిగేవాడు. ఇవాళ సందు దొరికితే చాలు, కోన్ల మధ్యలోంచి బైకు దూరుతుంది. దాని వెనక ఆటో, దాని వెనక కారు. జెండా మనిషి అడ్డమొస్తే తిట్లు. వాడికి తిట్టు అర్థం కాదు, మొహం చూసి భయపడి పక్కకి తప్పుకుంటాడు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వమే లెక్క చెప్పింది. అంత ప్రాణనష్టం జరిగే రోడ్ల మీద, ఇనుప డబ్బాలో కూర్చున్నవాడికే భద్రత లేనప్పుడు, జాకెట్ మాత్రమే తొడుక్కుని ఎదురుగా నిలబడేవాడికి ఏం ఉంటుంది? ఐదు నిమిషాలు ఆగడం మీకు చిరాకేమో. ఆ ఐదు నిమిషాల్లో మీరు ఆగకపోతే పోయేది అతని ప్రాణం.

ఏం చేయాలో నాకు స్పష్టంగానే తెలుసు, చెప్తాను. జెండా మనిషిని హెల్పరు కింద లెక్కకట్టడం మానాలి. నేర్చిన పనివాడిగా చూసి, ఆ కూలి ఇవ్వాలి. సైటులోకి అడుగుపెట్టేముందు ఒక రోజంతా శిక్షణ ఉండాలి, అది కూడా అతని సొంత భాషలో. సగం రోజు గదిలో, సగం రోజు రోడ్డు మీద నిలబెట్టి. కళ్లు పరీక్షించాలి. కార్డు ఇవ్వాలి. మే నెల వడగాడ్పుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే మనిషిని నిలబెట్టకూడదు. రెండు గంటలకోసారి మనిషిని మార్చి, నీళ్లు, మజ్జిగ ఇచ్చి, నీడలో కూర్చోబెట్టాలి. కళ్లు తిరుగుతున్న మనిషి బండి దూరాన్ని అంచనా వేయలేడు. రాత్రి పనైతే అతని మీద దీపం వెలుగు పడాలి, చేతిలో వెలిగే ఎర్ర కర్ర ఉండాలి. 108 అంబులెన్సు వస్తే ఎలా దారి ఇవ్వాలో, రెండో కొసవాడికి ఎలా చెప్పాలో ముందే నేర్పాలి. ప్రమాదం అనిపిస్తే పని ఆపించే అధికారం అతనికి ఉండాలి. ఆపించినందుకు ఆ రోజు కూలి కోయకూడదు.

డబ్బు లేదంటారా? నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్సు కార్మికుల సంక్షేమానికని వసూలవుతోంది. శిక్షణ ఇచ్చే చోటు లేదంటారా? తాపీ పనీ, ప్లంబింగూ నేర్పే న్యాక్ సంస్థ హైదరాబాద్‌లో ఉంది. జిల్లాల్లో ఐటీఐలున్నాయి. రిటైరైన మేస్త్రీలు, వర్క్ ఇన్‌స్పెక్టర్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పిలిస్తే దారి ఖర్చులు పెట్టుకుని వచ్చి నేర్పేవాళ్లున్నారు, వాళ్లలో నేనొకణ్ని. ఇక ఇంజనీర్ల చేతిలో ఉన్న అసలు మంత్రం బిల్లు. తారు మందం కొలవకుండా బిల్లు మీద సంతకం పెట్టరు కదా! జెండా మనిషి కార్డు చూడకుండా కూడా పెట్టకండి. ఒక్క బిల్లు ఆగితే మరుసటి రోజునే శిక్షణ మొదలవుతుంది, కాంట్రాక్టర్ల సంగతి నాకు బాగా తెలుసు.

రోడ్డు మనందరిదీ. దాన్ని బాగుచేసేవాడి ప్రాణం మాత్రం వాడి ఒక్కడిదే, వాడి ఇంటివాళ్లదే. మేస్త్రీ చదువుకోకపోయినా మాకు ఆ పాఠాలు ఒప్పజెప్పించింది అందుకే. ఒక్క రోజు కూర్చోబెట్టి నేర్పలేని కాంట్రాక్టరుకి పని అప్పగించొద్దు. నేర్పారో లేదో అడగని ఇంజనీరు సైటుకి వచ్చి లాభం లేదు.